కడప రోగి తిరుపతి లెక్కలోకి ఎలా వచ్చాడు?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జిల్లా కేసుల లెక్కలు, అధికారుల చర్యలు

కొవిడ్ బులెటిన్లు ఆగిపోయినా ఆ అంకెల మీద ఉత్తరాలు మాత్రం ఆగలేదు. ఒకరికి ప్రాజెక్టు పని, ఒకరికి పరిహారం, ఇంకొకరికి మళ్లీ జ్వరాలు మొదలయ్యాయన్న అనుమానం. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టు కోసం తిరుపతి జిల్లా కొవిడ్ కేసులు 2020 నుంచి వరుసగా గ్రాఫ్ గీస్తున్నాను. 2022 దగ్గర అంకెలు అతకడం లేదు. నా లెక్క తప్పా, బులెటిన్ తప్పా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండూ కాదమ్మా. మీరు వెతుకుతున్న జిల్లా 2020లో లేదు. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా మూడు ముక్కలైంది. తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి, సత్యవేడు వైపు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వచ్చి వీటితో కలిశాయి. మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాకు పోయాయి. చిత్తూరు, పలమనేరు, కుప్పం, పుంగనూరు, నగరి వంటివి కొత్త చిత్తూరులో మిగిలాయి. కాబట్టి 2021 బులెటిన్‌లో ‘చిత్తూరు’ అన్న వరుసనూ, 2022 మే నెలలో ‘చిత్తూరు’ అన్న వరుసనూ ఒకే గీతతో కలిపితే కేసులు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పడింది కేసులు కాదు, జిల్లా విస్తీర్ణం.

దీనికి సరైన దారి మండలం. పాత జిల్లాలో 66 మండలాలు ఉండేవి. మండలాలవారీ అంకెలు దొరికితే వాటిని కొత్త జిల్లాల ప్రకారం మళ్లీ కూడుకోవచ్చు. దొరకకపోతే గ్రాఫ్‌ను 2022 మార్చి చివర ఆపేసి, అక్కడ నిలువు గీత గీసి, కొత్త జిల్లాను విడిగా మొదలుపెట్టండి. జనాభా నిష్పత్తి చూసి పాత జిల్లా అంకెలో ఇంత శాతం తిరుపతిది అని పంచడం మాత్రం వద్దు. 2020 ఏప్రిల్‌లో శ్రీకాళహస్తిలో కేసులు గుంపుగా వచ్చినప్పుడు జిల్లాలో చాలా మండలాల్లో ఒక్క కేసూ లేదు. జబ్బు జనాభా లెక్కన సమంగా పంచుకుని రాదు.

ఇంకో చిక్కు తిరుపతికే ప్రత్యేకం. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా సుమారు 2.87 లక్షలు. మామూలు రోజుల్లో కొండకు రోజూ వచ్చే భక్తులే 60, 70 వేల మంది. లక్ష జనాభాకు ఇన్ని కేసులు అని లెక్కించేటప్పుడు పైన వేసే అంకెలో యాత్రికులు ఉండి, కింద వేసే జనాభాలో లేకపోతే రేటు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. టీటీడీ 2020 మార్చి 20న దర్శనాలు ఆపి, జూన్ 11 నుంచి సాధారణ భక్తులను మళ్లీ అనుమతించింది. ఆ రెండు తేదీలకూ మధ్య ఉన్న అంకెలు మాత్రం దాదాపు స్థానికులవే. పోల్చుకోవడానికి అంత శుభ్రమైన కాలం తిరుపతికి మళ్లీ దొరకలేదు.

శీర్షికలో ఉన్న కడప రోగి సంగతి కూడా ఇదే. తిరుపతిలోని పెద్దాసుపత్రులు స్విమ్స్‌కూ, రుయాకూ కడప, నెల్లూరు, అనంతపురం వైపు నుంచి రోగులు వస్తారు. రాష్ట్రంలో మొదటి కొవిడ్ పరీక్షల ల్యాబు కూడా స్విమ్స్‌లోదే. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో రాసిన చిరునామాను బట్టి కేసు ఏ జిల్లాదో తేలాలి. రోగి తిరుపతిలోని బంధువుల ఇంటి చిరునామా ఇస్తే ఆ కేసు తిరుపతి ఖాతాలో పడుతుంది. మరణమైతే సంగతి వేరు. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. అంటే కడప మనిషి తిరుపతి ఆసుపత్రిలో చనిపోతే కేసు కడపలోనూ, మరణ నమోదు తిరుపతి నగరపాలక సంస్థలోనూ ఉంటాయి. మరణాలను కేసులతో భాగించి ‘తిరుపతిలో మరణాల శాతం ఎక్కువ’ అని రాసే ముందు ఆ రెండు అంకెలూ ఒకే మనుషులవో కాదో చూసుకోండి.

దీనికి ఎదురు దిశ కూడా ఉంది. చిత్తూరు వాళ్లు వేలూరుకు, కుప్పం వాళ్లు బెంగళూరు వైపు, నగరి, సత్యవేడు వాళ్లు చెన్నైకి వైద్యానికి పోతారు. అక్కడ చేయించుకున్న పరీక్ష ఫలితం మన జిల్లాకు చేరడం రెండు రాష్ట్రాల అధికారులు ఒకరికొకరు చెప్పుకోవడం మీద ఆధారపడుతుంది. 2020 మేలో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వచ్చినవాళ్ల ద్వారా చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో కేసులు పెరిగినప్పుడు ఈ సమాచారం ఒక్క రోజు ఆలస్యమైనా ఎంత నష్టమో తెలిసింది. మీ ప్రాజెక్టులో సరిహద్దు మండలాలకు ఒక పేరా విడిగా కేటాయించండి. మార్కులు అక్కడే వస్తాయి.

ప్రశ్న: బులెటిన్ వచ్చే రోజుల్లో నిన్న 60 కేసులు, ఈరోజు 175 అనేవారు. మూడింతలైందని వాట్సాప్‌లో గోల. రెండు రోజులు పోతే మళ్లీ తగ్గిందనేవారు. దేన్ని నమ్మాలి?
– కిరాణా వ్యాపారి, పుత్తూరు

జవాబు: ఒక్క రోజు అంకెను అసలు చూడకండి. ఆదివారం శాంపిళ్లు తక్కువ తీసేవారు, ల్యాబుల్లో సిబ్బంది తక్కువ ఉండేవారు. అందుకే సోమవారం బులెటిన్ పలచగా వచ్చేది. ఆగిన శాంపిళ్లన్నీ మంగళ, బుధవారాల్లో ఒకేసారి బయటపడేవి. బులెటిన్‌లో ఉండేది ఫలితం వచ్చిన రోజు. జబ్బు మొదలైన రోజు కాదు, శాంపిల్ ఇచ్చిన రోజూ కాదు.

ఏడు రోజుల సగటు వేయండి. ఉదాహరణకు సోమవారం నుంచి 60, 175, 165, 120, 140, 135, 150 అనుకోండి. మొత్తం 945, ఏడుతో భాగిస్తే 135. మరుసటి వారం సగటు 162 వస్తే వారానికి 20 శాతం పెరిగినట్టు. అదే వేగంతో పోతే మూడున్నర, నాలుగు వారాల్లో కేసులు రెట్టింపవుతాయి. సుమారు లెక్క కావాలంటే 70ని పెరుగుదల శాతంతో భాగించండి. దుకాణం లెక్కలు చూసేవారు కాబట్టి ఇది మీకు కష్టమేమీ కాదు.

అయితే సగటు పెరిగినంత మాత్రాన జబ్బు పెరిగినట్టు కాదు. పరీక్షలు ఎన్ని చేశారో పక్కన పెట్టుకోవాలి. 900 పరీక్షల్లో 90 పాజిటివ్ అంటే 10 శాతం. 3,000 పరీక్షల్లో 210 అంటే 7 శాతం. రెండో రోజు కేసులు రెండింతలకు పైగా ఉన్నా పరిస్థితి మొదటి రోజుకంటే మెరుగు. ఈ శాతాన్నే పాజిటివిటీ అంటారు. అది రెండు వారాలపాటు 5 శాతం లోపు ఉంటే వ్యాప్తి అదుపులో ఉన్నట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ ఇంకో గీత గీసింది: వారం రోజుల పాజిటివిటీ 10 శాతం దాటినా, ఆక్సిజన్ లేదా ఐసీయూ పడకలు 60 శాతానికి మించి నిండినా ఆ జిల్లాలో గట్టి కట్టడి చేయాలని.

ఇక్కడ ఇంకో గొడవ ఉంది. ఆ పరీక్షలు ఏ రకం? ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్, అక్కడికక్కడే కిట్‌తో చేసే ర్యాపిడ్ యాంటిజెన్ రెండింటినీ కలిపేసి ఒకే పాజిటివిటీ చూపితే ఆ శాతానికి అర్థం పలచబడుతుంది. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన సూచన ప్రకారం యాంటిజెన్ కిట్ జబ్బున్నవారిని 50.6 నుంచి 84 శాతం వరకే పట్టింది. అంటే నూరుమందిలో 16 నుంచి 49 మంది వరకు తప్పించుకుపోవచ్చు. లక్షణాలుండి యాంటిజెన్ నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాలని అదే సూచనలో ఉంది. పరీక్షల సంఖ్య పెంచి చూపాలంటే యాంటిజెన్ శిబిరాలు పెట్టడం సులువు. అప్పుడు పాజిటివిటీ దిగుతుంది, వ్యాప్తి దిగదు. మీ మండలంలో పాజిటివిటీ ఉన్నట్టుండి సగానికి పడిపోతే ముందు ఆర్‌టీపీసీఆర్ వాటా ఎంతో అడగండి.

తిరగేసి చూస్తే, జబ్బు చాలా తక్కువగా ఉన్న రోజుల్లో యాంటిజెన్ పాజిటివ్‌నూ గుడ్డిగా నమ్మలేం. వెయ్యిమందిలో పదిమందికే జబ్బుంటే కిట్ ఆరుగురిని పట్టుకుంటుందనుకోండి. లేనివాళ్లలో 0.7 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపించినా ఏడుగురవుతారు. మొత్తం పదమూడు పాజిటివ్‌లలో సగానికి పైగా ఉత్తవే.

ప్రశ్న: మా వీధికి అడ్డంగా కట్టెలు కట్టేసి కంటైన్‌మెంట్ అన్నారు. పాలవాడు కూడా రాలేదు. ఇది ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు తీస్తారు? మళ్లీ వస్తే ఏం అడగాలి?
– గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద జిల్లా విపత్తు సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. జోన్ ప్రకటించేదీ, ఎత్తేసేదీ కలెక్టర్ ఉత్తర్వే. కట్టెలు కట్టేది మున్సిపాలిటీ, పోలీసు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద 2020 మార్చిలో రాష్ట్రం ప్రత్యేక నిబంధనలు కూడా తెచ్చింది. మొదట్లో చివరి కేసు తర్వాత 28 రోజులు కొత్త కేసు లేకపోతేనే కట్టడి సడలించారు. 2021 రెండో ఉద్ధృతికి 14 రోజుల స్థానిక కట్టడి పద్ధతి వచ్చింది.

అడగాల్సింది కట్టెల గురించి కాదు, వాటి లోపల జరిగే పని గురించి. ఏఎన్‌ఎం, ఆశా ఇంటింటికీ ఏ రోజు వచ్చారు? ఒక్కో కేసుకు సన్నిహితులు ఎంతమందిని రాసుకున్నారు? లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి రోగి ఎవరెవరితో దగ్గరగా గడిపాడో రాయాలి. కేసుకు ఇద్దరు ముగ్గురే రాశారంటే, ఇంట్లోవాళ్లను రాసి ఊరుకున్నారని అర్థం. శ్రీకాళహస్తిలో అప్పట్లో విధుల్లో ఉన్న ప్రభుత్వ సిబ్బందికే జబ్బు సోకింది. అలాంటప్పుడు ఇంటి చుట్టుపక్కల మాత్రమే వెతికితే చాలదు, ఆఫీసు, డ్యూటీ చోటు కూడా చూడాలి. పాలు, మందులు, సరుకులు అందించే బాధ్యత ఎవరిదో, వాళ్ల ఫోన్ నంబరేమిటో జోన్ మొదలైన రోజే మీ వార్డు సచివాలయంలో రాయించుకోండి.

ప్రశ్న: మాది చిన్న సేవాసంస్థ. పడకలు ఖాళీగా ఉన్నాయని చూపించారు కానీ ఆక్సిజన్ చాలలేదు. ఆసుపత్రి ఆక్సిజన్ సరిపోతుందో లేదో బయటివాళ్లం ఎలా అంచనా వేయాలి?
– సంస్థ కార్యకర్త, తిరుపతి

జవాబు: చాలా అవసరమైన ప్రశ్న. 2021 మే 10 రాత్రి రుయాలో, తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమై ప్రెషర్ పడిపోయింది. 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. పడకల పట్టికలో ఈ ప్రమాదం ముందుగా కనిపించదు. కనిపించేది ఆక్సిజన్ లెక్కలోనే.

మూడు అంకెలు అడగండి: ట్యాంకు సామర్థ్యం ఎంత, మామూలు మాస్కు మీద ఎంతమంది, ఆక్సిజన్‌ను చాలా ఎక్కువ వేగంతో ఇచ్చే హై ఫ్లో మీద ఎంతమంది. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే సుమారు 860 లీటర్ల వాయువు వస్తుంది. 10 కిలోలీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 86 లక్షల లీటర్లు. మాస్కుల మీద నూరుమంది, ఒక్కొక్కరికి నిమిషానికి 10 లీటర్ల చొప్పున తీసుకుంటే 1,000 లీటర్లు. రోజుకు 14.4 లక్షల లీటర్లు. అంటే ట్యాంకు దాదాపు ఆరు రోజులు వస్తుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు హై ఫ్లో మీద 50 మందిని కలపండి. నిమిషానికి 50 లీటర్ల చొప్పున 2,500. మొత్తం నిమిషానికి 3,500, రోజుకు 50.4 లక్షల లీటర్లు. ఆరు రోజుల ట్యాంకు 41 గంటలకు దిగిపోయింది. మూడో వంతు మిగిలినప్పుడు కబురు పెట్టడం ఆసుపత్రి అలవాటనుకుంటే, అక్కడి నుంచి చేతిలో ఉండేది 13 గంటల పైచిలుకు మాత్రమే. చెన్నై వైపు ప్లాంటు దగ్గర లోడింగ్ వరుస, సరిహద్దులో ఆలస్యం, ట్యాంకరు చెడిపోవడం – వీటిలో ఏ ఒక్కటైనా ఆ 13 గంటలను మింగేస్తుంది. హై ఫ్లో రోగుల సంఖ్య పెరిగిన రోజే కబురు పెట్టే మట్టాన్ని కూడా పెంచాలి. చాలాచోట్ల మొదటిది జరుగుతుంది, రెండోది జరగదు.

‘సిలిండర్లు సిద్ధంగా ఉన్నాయి’ అన్న జవాబుతో తృప్తి పడకండి. పెద్ద డి టైప్ సిలిండరులో సుమారు 7,000 లీటర్లు ఉంటాయి. ఒక్క రోగికి నిమిషానికి 5 లీటర్లయితే 23 గంటలు వస్తుంది. పైన చెప్పిన 50 మంది హై ఫ్లో రోగులకైతే ఒక సిలిండరు మూడు నిమిషాలు కూడా రాదు. గంటకు 21కి పైగా సిలిండర్లు మార్చాలి. మార్చే మనుషులు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారన్నదే అప్పుడు అసలు ప్రశ్న.

ఇంకో సంగతి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పైపుల్లో ప్రెషర్ నిలబడుతుందని అనుకోవద్దు. లైనులో సుమారు 4 బార్ ఉండాలి. వాడకం ఒక్కసారిగా పెరిగితే ద్రవాన్ని వాయువుగా మార్చే వేపరైజర్ మీద మంచు పేరుకుంటుంది. ట్యాంకులో సరుకున్నా పైపులోకి సరిపడా రాదు. ప్రెషర్ ముందు పడేది లైను చివరి వార్డుల్లో. గేజు ట్యాంకు దగ్గర ఒకటే ఉండి, చివరి వార్డులో లేకపోతే ఆ సంగతి రోగి ఒంట్లో ఆక్సిజన్ పడిపోయాకే తెలుస్తుంది. చివరి వార్డులో ప్రెషర్ అలారం ఉందా అని అడగండి. ఖర్చు తక్కువ పని ఇది.

ప్రశ్న: మా నాన్న 2021 మేలో కొవిడ్ పాజిటివ్ వచ్చిన ఇరవై రోజులకు ఇంట్లో చనిపోయారు. మరణ ధ్రువపత్రంలో కొవిడ్ అని లేదు. కొవిడ్ మరణాలకు ప్రభుత్వం ఇచ్చే 50 వేల సాయానికి దారి ఉందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ధ్రువపత్రంలో లేకపోవడం మీ తప్పూ కాదు, పంచాయతీ తప్పూ కాదు. కుటుంబానికి ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం చూపకూడదని చట్టంలోనే ఉంది. కారణం రాసేది డాక్టరు ఇచ్చే వేరే పత్రంలో. ఇంట్లో మరణమైతే దానికి ఫారం 4ఏ.

పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణిస్తే, ఇంట్లోనైనా ఆసుపత్రిలోనైనా, కొవిడ్ మరణంగానే తీసుకోవాలని 2021 సెప్టెంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. విషం, హత్య, ప్రమాదం మాత్రం వీటిలోకి రావు. మీ నాన్నగారి విషయం ఈ నిర్వచనంలోకి వస్తుంది. చిక్కల్లా గడువు. 2022 మార్చి 20 లోపు మరణాలకు 60 రోజుల గడువును సుప్రీంకోర్టు 2022 మార్చి 24న పెట్టింది. అది ఎప్పుడో దాటిపోయింది. అయితే బాగా ఇబ్బందుల్లో ఉండి గడువులోగా రాలేకపోయినవారు జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీని ఆశ్రయించవచ్చనీ, కమిటీ ఒక్కో కేసును విడిగా పరిశీలించాలనీ అదే ఉత్తర్వులో ఉంది. కలెక్టరేట్‌లో ఆ ఉత్తర్వు తేదీ రాసి అర్జీ ఇవ్వండి. పరీక్ష ఫలితం, మరణ ధ్రువపత్రం, వారసుల ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు, ఆలస్యానికి కారణం జతచేయండి. పరీక్ష చీటీ పోయి ఉంటే అప్పటి ఫోన్‌లో వచ్చిన ఎస్సెమ్మెస్ చాలామందికి ఇంకా దొరుకుతుంది. సిమ్ మార్చి ఉన్నా పాత ఫోన్ పారేయకముందు వెతకండి. డబ్బు కచ్చితంగా వస్తుందని చెప్పం. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోకపోతే మాత్రం రాదు.

ప్రశ్న: మండలాలవారీ అంకెలు ఆఫీసులో అడిగితే ‘పైనుంచి రావాలి’ అంటున్నారు. సమాచార హక్కు కింద ఎలా అడగాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి పంపండి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు. మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో రుసుము లేదు. తెల్ల రేషన్ కార్డుంటే ఎక్కడా కట్టనక్కర్లేదు, నకలు జతచేస్తే చాలు.

‘కేసులు ఎందుకు దాచారు’ అని రాస్తే జవాబు రాదు. ఆఫీసులో ఉన్న కాగితాన్ని అడగాలి. ఇలా రాయండి: ‘2021 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు పలమనేరు మండలంలో వారంవారీగా ఆర్‌టీపీసీఆర్ శాంపిళ్లు, యాంటిజెన్ పరీక్షలు, ఒక్కోదానిలో పాజిటివ్‌లు ఉన్న రిజిస్టరు లేదా నివేదికల నకళ్లు.’ రోగుల పేర్లు అడగొద్దు. ఆ సాకుతో మొత్తం తిరస్కరిస్తారు. 30 రోజుల్లో జవాబు రావాలి. సమాచారం వేరే ఆఫీసులో ఉంటే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి కాబట్టి ‘పైనుంచి రావాలి’ అన్నది జవాబు కాదు. 30 రోజులు దాటితే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

ప్రశ్న: ఇప్పుడు బులెటిన్ లేదు. ఊళ్లో జ్వరాలు పెరిగితే అధికారులకు తెలిసే దారి ఉందా?
– పంచాయతీ వార్డు సభ్యురాలు, నగరి మండలం

జవాబు: ఉందమ్మా. జబ్బుల మీద నిఘాకు 2004 నుంచి నడుస్తున్న ఐడీఎస్పీ కార్యక్రమంలో మూడు ఫారాలుంటాయి. ఏఎన్‌ఎం లక్షణాలను బట్టి నింపేది ఎస్, డాక్టరు అనుమానించి నింపేది పీ, ల్యాబు నిర్ధారించేది ఎల్. 2021 ఏప్రిల్ నుంచి ఇవి ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదికలోకి ఎక్కుతున్నాయి. జ్వరం, దగ్గు పది రోజుల్లోపు మొదలైతే ఫ్లూ తరహా కింద, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే తీవ్ర శ్వాస సమస్య కింద రాస్తారు.

బొక్క ఎక్కడంటే, పల్లెల్లో మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆ జ్వరం ఏ ఫారంలోకీ రాదు. మీరు చేయగలిగిన పని: వారానికోసారి ఆర్‌ఎంపీనీ, మందుల షాపునూ, బడి హెడ్మాస్టరునూ అడిగి జ్వరాల సంఖ్య ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మామూలు వారాలకు రెండింతలైతే పీహెచ్‌సీ డాక్టరుకు కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్పింది ఎస్ ఫారందాకా పోవడం అరుదు.

ప్రశ్న: మా అపార్టుమెంటు గ్రూపులో పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు, ఫ్లాటు నంబర్లు పెట్టేవారు. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదు. ఇళ్ల బయట పోస్టర్లు అంటించడం కూడా విపత్తు చట్టం కింద అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప కూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అపార్టుమెంటు సంఘానికి ఆ అధికారం అసలే లేదు. బ్లాకులో ఎన్ని కేసులు, ఏ తేదీ నుంచి అన్నది పెడితే చాలు. లిఫ్టు శుభ్రం చేయడానికి పేరు అక్కర్లేదు.